మొదటి వారపు తీర్పులు

2024 ఏప్రిల్‌లో అమెరికా పత్రిక ‘పేస్ట్’ టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ ‘ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్’ మీద సమీక్ష ప్రచురించింది. ఆల్బమ్ బాగాలేదని నిక్కచ్చిగా చెప్పిన ఆ సమీక్షకు రాసినవారి పేరు లేదు. 2019లో ఇదే గాయని ‘లవర్’ ఆల్బమ్‌ను సమీక్షించినవారికి బెదిరింపులు వచ్చాయనీ, అందుకే ఈసారి పేరు వేయడం లేదనీ పత్రికే ప్రకటించింది. ఆ రోజుల్లోనే ‘రోలింగ్ స్టోన్’ అదే ఆల్బమ్‌కు ఐదుకు ఐదు స్టార్లు ఇచ్చింది. ఒకే సంగీతం విని ఇద్దరు ఇంత ఎడంగా రాయడంలో వింత లేదు. పాటలు నచ్చలేదని రాసిన మనిషి పేరు దాచుకోవలసి రావడమే కలవరపెట్టే విషయం.

కొత్త ఆల్బమ్‌ల మీద పత్రికలు చెప్పిన తీర్పులకు ఇప్పుడు అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. రాక్, మెటల్, డిస్కో, హిప్-హాప్, కంట్రీ, పాప్ వరసగా చూసుకుంటూ వస్తే, ఘోరంగా తప్పిన తీర్పులన్నిటికీ దాదాపు ఒకటే కారణం కనిపిస్తుంది. ఒక సంగీతం కోసం తయారైన కొలతతో మరో సంగీతాన్ని కొలిచారు. రాసినవాళ్ళలో చెవిలేనివాళ్ళు తక్కువే. వాళ్ళు ఏం వెతుకుతూ విన్నారన్నదే వాళ్ళను ముంచింది. నిలిచిన సమీక్షలు కూడా తీర్పు సరైనందుకు నిలవలేదు. పాట ఎలా తయారైందో, చెవిలో ఏం జరుగుతోందో పాఠకుడికి వినిపించేలా రాసినందుకు నిలిచాయి.

ఈ రాత మొదలైంది కుర్రాళ్ళ చేతుల్లో. 1966లో స్వార్త్‌మోర్ కాలేజీ విద్యార్థి, పదిహేడేళ్ళ పాల్ విలియమ్స్, ‘క్రాడాడీ’ అనే పత్రికను సైక్లోస్టైల్ చేసి పంచాడు. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ వెనర్, రాల్ఫ్ గ్లీసన్ ‘రోలింగ్ స్టోన్’ ప్రారంభించారు. 1968లో ‘న్యూయార్కర్’ తన తొలి పాప్ సంగీత విమర్శకురాలిగా ఎలెన్ విలిస్‌ను తీసుకుంది. అంతకుముందు పెద్ద పత్రికల్లో సంగీత విమర్శ అంటే సింఫనీ, ఒపెరా, కొంతమేరకు జాజ్. కుర్రకారు పాటల గురించి ఎవరైనా రాస్తే అది అమ్మకాల లెక్కలు రాసే వ్యాపార పత్రికే. పాప్ పాటను కవిత్వంలా, సినిమాలా తీరిగ్గా చర్చించవచ్చన్న ధైర్యం ఈ తరంతోనే వచ్చింది.

ఆ ధైర్యానికి దెబ్బ కూడా తొందరగానే తగిలింది. 1967 జూన్‌లో బీటిల్స్ బృందం ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ విడుదలైనప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొడుతుంటే, ‘న్యూయార్క్ టైమ్స్’లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ మాత్రం స్టూడియో హంగులు పాటలను కమ్మేశాయని రాశారు. నిరసన ఉత్తరాలు వెల్లువెత్తాయి. చాలాకాలం దాన్ని విమర్శ చరిత్రలోకెల్లా పెద్ద పొరపాటుగా చెప్పుకున్నారు. 2003లో ‘రోలింగ్ స్టోన్’ తయారుచేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో ‘సార్జెంట్ పెప్పర్స్’దే మొదటి స్థానం. 2020లో కొత్త ఓటర్లతో ఆ జాబితాను మళ్ళీ వేస్తే అది 24వ స్థానానికి జారింది. పైకి వచ్చింది మార్విన్ గే 1971లో చేసిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’. దీన్నిబట్టి గోల్డ్‌స్టీన్‌దే సరైన మాట అని నేను అనను. ఆయన ఒక నిర్దిష్టమైన అభ్యంతరం చెప్పారు, ఎందుకో చెప్పారు, కింద తన పేరు పెట్టారు. అందుకే యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాటతో వాదించడానికి వీలుంది.

కొలత తప్పడమంటే ఏమిటో చూడాలంటే హెవీ మెటల్‌కు దక్కిన స్వాగతాన్ని మించిన ఉదాహరణ లేదు. 1969 మార్చిలో ‘రోలింగ్ స్టోన్’లో జాన్ మెండెల్సన్ లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్‌ను తీసిపారేశారు. 1970లో అదే పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్‌ను ‘క్రీమ్’ అనే బృందానికి నాసిరకం నకలుగా జమకట్టారు. అప్పటి విమర్శకుల మనసులో ప్రమాణం బ్లూస్. నల్లజాతి బ్లూస్ గాయకుల వేదనకు ఎంత దగ్గరగా వెళ్ళారు, గిటార్ సోలోలో అప్పటికప్పుడు ఎంత కల్పన చేశారు అన్నవే ప్రశ్నలు. ఆ ప్రశ్నలతో సబ్బాత్‌ను వింటే మిగిలేది మొద్దు వాయింపే.

కానీ ఆ ఆల్బమ్ మొదటి పాటలో ఏం జరుగుతోందో ఒక్కసారి దగ్గరగా వినండి. గిటార్ మోగించేది మూడు స్వరాలు. కింది షడ్జమం, పై షడ్జమం, అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం. పంచమం ఊసే లేదు. కల్యాణి, పంతువరాళి వింటూ పెరిగిన చెవికి ప్రతి మధ్యమం భయపెట్టే స్వరమేమీ కాదు. మనకది పంచమానికి వెళ్ళే దారిలో ఒక అందమైన మజిలీ. ఐరోపా సంగీతంలో మాత్రం షడ్జమానికీ దానికీ ఉన్న ఎడాన్ని శతాబ్దాలుగా అపశ్రుతి కింద లెక్కగట్టారు. గిటారిస్టు టోనీ అయోమీ ఆ స్వరాన్ని ఎటూ పోనివ్వడు. అక్కడే నిలబెట్టి కంపింపజేస్తాడు. తీరని స్వరం మళ్ళీ మళ్ళీ వచ్చి మీద పడుతుంటుంది, వెనక వాన, చర్చి గంట. భయం పుట్టించడానికి అంతకన్నా పొదుపైన పద్ధతి ఉంటుందా? ఆ చేతి కథ కూడా చెప్పుకోవాలి. పదిహేడేళ్ళ వయసులో బర్మింగ్‌హామ్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో అయోమీ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు బిగించుకున్నాడు, చేతికి లొంగే తేలిక పట్లు కనిపెట్టుకున్నాడు. తర్వాతి ఆల్బమ్‌లకు తీగలను శ్రుతి తగ్గించి వదులు చేశాడు. మెటల్ సంగీతానికి ఆ బరువూ ఆ నిదానమూ వచ్చిన దారుల్లో ఇదొకటి. దాదాపు ఒక్క రోజులో రికార్డయిన ఆ తొలి ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో ఎనిమిదో స్థానానికి చేరింది. వినేవాళ్ళకు వెంటనే అర్థమైనది విమర్శకులకు అర్థం కావడానికి సమయం పట్టింది. బ్యాంగ్స్ మాత్రం పట్టుదలకు పోలేదు. 1972లో మరో పత్రికలో సబ్బాత్ గురించి ఎంతో ఆదరంగా, సుదీర్ఘంగా రాశారు. ఆయన మీద నాకున్న గౌరవానికి అదొక కారణం.

రాబర్ట్ క్రిస్ట్‌గావ్ దారి వేరు. 1969లో న్యూయార్క్‌లోని ‘విలేజ్ వాయిస్’లో ‘కన్స్యూమర్ గైడ్’ అనే శీర్షిక మొదలుపెట్టి, ఒక్కో ఆల్బమ్‌కు ఒక చిన్న పేరా, చివర బడి మార్కుల్లా ఏ, బి, సి గ్రేడు ఇస్తూ వచ్చారు. వేల ఆల్బమ్‌లు ఆయన చేతిమీదుగా వెళ్ళాయి. 2006లో ఆ పత్రిక ఉద్యోగంలోంచి తీసేసినా రాయడం మానలేదు. ఆ శీర్షిక పేరులోనే దాని అవసరం ఉంది. అప్పట్లో ఎల్పీ కొనాలంటే చేతి డబ్బు ఖర్చవుతుంది, రేడియోలో వినిపించేది ఒకటీ రెండూ పాటలే. ఏది కొనదగ్గదో చెప్పే మనిషి కావాలి. తర్వాత వచ్చిన స్టార్లు, మార్కులు, దశాంశాలు అన్నీ ఆ అవసరం నుంచే పుట్టాయి. ఇప్పుడు నెల చందా కట్టినవాళ్ళకు, ప్రకటనలు ఓర్చుకునేవాళ్ళకు ప్రపంచంలోని పాటలన్నీ ఒకే ధర. కొనాలా వద్దా అన్న ప్రశ్న పోయింది, దానికి జవాబుగా పుట్టిన మార్కు మాత్రం మిగిలింది. ఈ రంగంలో నేడు కనిపించే గందరగోళంలో సగం ఇక్కడిదే.

డిస్కో విషయంలో విమర్శ మాత్రమే కాదు, జనంలో ఒక వర్గమే రాక్ కొలత పట్టుకుని వీధికెక్కింది. 1979 జులై 12న చికాగోలోని కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ఆధ్వర్యంలో డిస్కో రికార్డులను పేల్చేశారు. జనం మైదానంలోకి దూకడంతో ఆ రోజు జరగవలసిన రెండో ఆట రద్దయ్యేదాకా వచ్చింది. ఆ రికార్డులు చేసినవాళ్ళలోనూ వాటికి ఆడినవాళ్ళలోనూ నల్లజాతివాళ్ళు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు ఎందరో ఉన్నారు. ‘ఇది అసలు సంగీతమే కాదు’ అన్న మాట వెనక ఎవరిని గదిలోంచి బయటకు నెడుతున్నారో చూడాలని ఆ రాత్రి తర్వాత చాలామంది రాశారు.

హిప్-హాప్ తన కొలత తానే తయారుచేసుకుంది. 1988లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు మొదలుపెట్టిన ‘ద సోర్స్’ పత్రిక ఆల్బమ్‌లకు స్టార్ల బదులు మైకులు ఇచ్చేది. ఐదు మైకులు దొరకడం చాలా అరుదు. 1994లో ఇరవయ్యేళ్ళ నాస్ తొలి ఆల్బమ్ ‘ఇల్‌మ్యాటిక్’కు మినియా ఓ అనే యువతి ఐదు మైకులు ఇస్తూ రాసిన సమీక్ష ఆ పత్రిక చరిత్రలో ఒక ఘట్టం. మొత్తం ఒక ప్రారంభం, తొమ్మిది పాటలు, నలభై నిమిషాలు. దానిలో ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ పాటకు డీజే ప్రీమియర్ జాజ్ వాద్యకారుడు జో ఛాంబర్స్ రికార్డులోంచి చిన్న పియానో ముక్క కోసి, తిప్పి తిప్పి వేశాడు. ఆ ముక్క ఎక్కడా ముగింపుకు రాదు, పైకి పోదు. రాగంలో ఎదుగుదల వెతికే చెవికి అది ఒకేచోట తిరిగే రికార్డు. ఆ తిరుగుడు మీద నాస్ మాటలు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాయి, ప్రాస వాక్యం చివర పడకుండా మధ్యలో ఎన్ని చోట్ల పడుతోంది, బీటు కంటే వెంట్రుకవాసి వెనకగా ఎలా నడుస్తోంది అని వినేవాళ్ళకు అదొక మహా నిర్మాణం. ‘ద సోర్స్’ సమీక్షకులు వినేది ఇవే. వాళ్ళు ఆ సంగీతం పుట్టిన వీధుల భాష తెలిసినవాళ్ళు. అయితే లోపలివాళ్ళ చేతిలో కొలత ఉంటే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోలేం. అదే 1994లో యజమాని తనకు కావలసిన బృందం గురించి వ్యాసం చొప్పించాడని సంపాదకులు మూకుమ్మడిగా రాజీనామా చేసి వెళ్ళారు. ఆ తర్వాతి ఏళ్ళలో ఆ మైకుల విలువ పడిపోయింది. జాన్ లాండౌ అనే రాక్ విమర్శకుడు 1974లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ను ఆకాశానికెత్తి రాసి, మరుసటి ఏడాదికల్లా ఆయన ఆల్బమ్‌కు సహనిర్మాతగా, తర్వాత మేనేజరుగా మారిన సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. స్ప్రింగ్‌స్టీన్ గొప్పతనం గురించి నాకు సందేహం లేదు. పాఠకుడి తరఫున రాసే మనిషి పాటగాడి వైపు కూర్చుంటే ఆ రాతకు ఉన్న అర్థం మారిపోతుంది.

1990ల చివర్లో ఇంటర్నెట్‌తో పాటు దశాంశాలు వచ్చాయి. మినియాపొలిస్‌కు చెందిన రయాన్ ష్రైబర్ మొదలుపెట్టిన ‘పిచ్‌ఫోర్క్’ 0.0 నుంచి 10.0 దాకా మార్కులు వేసేది. 2004లో ఒక చిన్న కంపెనీ విడుదల చేసిన ఆర్కేడ్ ఫైర్ తొలి ఆల్బమ్ ‘ఫ్యునరల్’కు 9.7 ఇచ్చింది, ఆ బృందం పేరు మారుమోగింది. అదే ఏడాది ట్రావిస్ మోరిసన్ సోలో ఆల్బమ్‌కు 0.0 ఇచ్చింది, ఆ సున్నా ఆయనను చాలాకాలం వెంటాడింది. 2003లో లిజ్ ఫేర్ పాప్ వైపు మళ్ళి తన పేరుతోనే చేసిన ఆల్బమ్‌కు కూడా సున్నానే. ఒకప్పుడు మొరటు గిటార్లతో, మొహమాటం లేని మాటలతో పాడిన మనిషి రేడియో పాటలు పాడటం నేరమన్నట్టు ఉండేది ఆ తీర్పు. 2019లో ఆ సమీక్షకుడు ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2021లో పత్రిక తన పాత తీర్పుల్లో పంతొమ్మిదింటిని సవరిస్తూ ఆ సున్నాను 6.0గా, డాఫ్ట్ పంక్ ‘డిస్కవరీ’కి ఇచ్చిన 6.4ను ఏకంగా 10గా మార్చింది. నాకు ఈ సవరణ రెండు రకాలుగా తోస్తుంది. తప్పు ఒప్పుకోవడం మంచిదే. కానీ మార్చింది అంకెలను, మారవలసింది పేరాలు. ‘డిస్కవరీ’లో 2001నాటి సమీక్షకుడు వినలేనిది ఏమిటో, ఇరవై ఏళ్ళలో మన చెవి ఎలా మారిందో రాస్తే అదొక గొప్ప వ్యాసమయ్యేది.

అంకెలకు అంకెలు కలిపే పని ‘మెటాక్రిటిక్’ చేపట్టింది. 2001 నుంచి నడుస్తున్న ఈ వేదిక స్టార్లు, గ్రేడులు అన్నిటినీ వందకు మార్చి, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు ఇచ్చి సగటు చూపిస్తుంది. పదిమంది సమీక్షకులు తలా 75 వేసిన ఆల్బమ్‌కూ, ఐదుగురు వంద, ఐదుగురు యాభై వేసిన ఆల్బమ్‌కూ, బరువులు సమానమైతే, అక్కడ ఒకటే సగటు. మొదటిది ఎవరినీ నొప్పించని సరుకు. రెండోది బహుశా ఏదో కొత్తది ప్రయత్నించింది, వినడానికి నాకైతే అదే కావాలి. ఆ తేడా చెప్పగలిగేది సమీక్షలోని వాక్యాలే.

రాక్ కొలతకు పేరు పెట్టి నిలదీసింది 2004 అక్టోబరులో ‘న్యూయార్క్ టైమ్స్’లో కెలెఫా సన్నే రాసిన వ్యాసం. తన పాట తానే రాసుకోవడం, గిటార్ వాయించడం, చెమటోడ్చి కచేరీ చేయడం మాత్రమే నిజమైన సంగీతమనీ, స్టూడియోలో తయారయ్యే పాప్, డిస్కో, ఆర్ అండ్ బి కృత్రిమమనీ భావించే ధోరణిని ‘రాకిజం’ పేరుతో ఆయన విప్పి చూపారు. ఆ కొలత ఎక్కువగా తెల్ల మగవాళ్ళకే పనికొచ్చేలా ఉందని ఎత్తిచూపారు. ఆ తర్వాత పాప్‌ను గౌరవంగా వినే ‘పాప్టిమిజం’ బలపడింది. మార్పు ఎంత నెమ్మదిగా జరిగిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 2014లో టేలర్ స్విఫ్ట్ ‘1989’ వచ్చినప్పుడు ‘పిచ్‌ఫోర్క్’ దాన్ని సమీక్షించలేదు. మరుసటి ఏడాది రయాన్ ఆడమ్స్ అనే రాక్ గాయకుడు అవే పాటలను గిటార్ పట్టుకుని తిరిగి పాడితే ఆ ఆల్బమ్‌ను మాత్రం సమీక్షించింది. పాటలు ఆమెవే, సమీక్షకు అర్హత ఆయన గొంతుకు వచ్చింది. ఆమె పాత ఆల్బమ్‌ల సమీక్షలు ఆ పత్రికలో కనిపించింది 2019లో.

ఆ తప్పు దిద్దుకునే క్రమంలో తూకం అటువైపు ఒరిగిందని నా అభిప్రాయం. చిన్నచూపు చూసిన పాప్‌ను గౌరవించాలన్నది న్యాయమైన కోరిక. అది పోయిపోయి, ప్రపంచంలోకెల్లా ధనవంతులైన, పలుకుబడి గల తారల ఆల్బమ్‌ను తప్పుపట్టడమే అహంకారంగా లెక్కగట్టే చోటికి చేరింది. 2025లో సన్నేనే ‘న్యూయార్కర్’లో సంగీత విమర్శ పదును పోయిందని రాశారు. రాకిజాన్ని నిలదీసిన మనిషే ఆ మాట అనడం నాకు ముఖ్యంగా తోచింది.

దీనికి తోడు సమయం చాలకపోవడం. 2013 డిసెంబరు 13న బియాన్సే ముందస్తు ప్రకటన లేకుండా 14 పాటలు, 17 వీడియోలతో ఆల్బమ్ విడుదల చేశాక పెద్ద తారలు విమర్శకులకు ముందే కాపీ పంపడం తగ్గింది. 2015 జులై నుంచి ప్రపంచమంతటా శుక్రవారమే విడుదల. శుక్రవారం వచ్చిన ఆల్బమ్ మీద సోమవారం దాకా ఆగితే చదివేవాళ్ళు మిగలరన్న భయం. ‘టార్చర్డ్ పొయెట్స్’ మొదట పదహారు పాటలుగా వచ్చింది, రెండు గంటలు తిరిగేసరికి ఇంకో పదిహేను కలిశాయి. రెండు గంటల పైచిలుకు నిడివి ఉన్న ఆ ఆల్బమ్‌కు తొలి తీర్పులు ఒక్క రోజులోపే వచ్చేశాయి. ఇంతకన్నా నెమ్మదైన కాలంలోనే 1991లో నిర్వాణా ‘నెవర్‌మైండ్’కు ‘రోలింగ్ స్టోన్’ మూడు స్టార్లతో సరిపెట్టింది. రెండు నెలలు తిరక్కుండా ఆ ఆల్బమ్ మైకేల్ జాక్సన్‌ను దాటి అమెరికా పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఒక్క రాత్రిలో రాసిన మాటల్లో ఎన్ని నిలుస్తాయో ఆలోచించండి.

కంట్రీ సంగీతంలో ప్రశ్న ఇంకా ముందే మొదలవుతుంది. అసలు ఇది కంట్రీయేనా? 2016లో బియాన్సే ‘డాడీ లెసన్స్’ పాటను గ్రామీ కంట్రీ కమిటీ తిరస్కరించింది. 2019 మార్చిలో లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను బిల్‌బోర్డ్ తన కంట్రీ పట్టికలోంచి తొలగించింది. ఆ పాటే ప్రధాన పట్టికలో 19 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. 2024 మార్చిలో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ 27 ట్రాకులతో వచ్చింది. ‘టెక్సాస్ హోల్డెమ్’లో మొదట వినిపించే బాంజో రియానన్ గిడెన్స్‌ది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళతో అమెరికాకు వచ్చిన వాద్యాల వంశమే బాంజో అన్న చరిత్రను ఏళ్ళ తరబడి వేదికలెక్కి చెబుతున్న కళాకారిణి ఆమె. 1969లోనే కంట్రీ సంగీతానికి పేరుమోసిన గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదికపై పాడిన తొలి నల్లజాతి మహిళా సోలో గాయని లిండా మార్టెల్ గొంతు కూడా ఆ ఆల్బమ్‌లో మాట్లాడుతుంది. ఇవి తెలియని సమీక్షకుడు దాన్ని పాప్ తార వేసుకున్న కొత్త టోపీగా చూస్తాడు. తెలిసిన సమీక్షకుడు మాత్రం ఇంకో అడుగు వేయాలి. చరిత్ర బరువు ఉన్నంతమాత్రాన 27 ట్రాకులూ సమానంగా నిలబడవు. రెండో సగంలో బిగువు సడలిందని నాకనిపిస్తుంది, ఆ మాట అనడానికి కొందరు ఎందుకు వెనకాడారో కూడా అర్థమవుతుంది. నాష్‌విల్ కంట్రీ సంఘం ఆ ఏడాది అవార్డుల్లో దానికి ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. 2025 ఫిబ్రవరిలో గ్రామీ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గానూ, ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గానూ దాన్నే ఎంచుకుంది.

భాష తెలియని ఆల్బమ్ వచ్చినప్పుడు విమర్శకులు చేసే పని నాకు ప్రత్యేకంగా ఆసక్తి. 2025 జనవరిలో గాయకుడు బ్యాడ్ బన్నీ ఆల్బమ్ ‘దెబీ తిరార్ మాస్ ఫోటోస్’ వచ్చింది. స్పానిష్‌లో, ప్వెర్టో రికో ద్వీపం ప్లేనా, సాల్సా బాణీలతో. ‘బైలే ఇనోల్విదాబ్లే’లో వాయించింది అక్కడి సంగీత పాఠశాల విద్యార్థులు. పాటలతో పాటు విడుదల చేసిన వీడియోల్లో ద్వీపం చరిత్రను ఒక చరిత్రకారుడు రాసిన పాఠాలుగా తెరమీద వేశారు. అనువాదం చదువుకుని రాసిన సమీక్షలు రాజకీయాలను పట్టుకున్నాయి. ప్లేనాలో చేతిడప్పులు ఒకదానికొకటి ఎలా జవాబిస్తాయో తెలిసినవాళ్ళు రాసిన సమీక్షలు ఆ రాజకీయం తాళంలోనే ఉందని చూపించాయి. అదే ఏడాది నవంబరులో స్పెయిన్ గాయని రొసాలియా పదికి పైగా భాషల్లో పాడి, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను పక్కన పెట్టుకుని చేసిన ‘లుక్స్’కు దాదాపు అందరూ జేజేలు పలికారు. అది అందమైన ఆల్బమే. అయినా అన్ని భాషలూ తెలిసిన సమీక్షకుడు ఎక్కడా ఉండడు కాబట్టి, ఉచ్చారణ గురించీ ఒక్కో భాషలోని పాట ధర్మం గురించీ ఆ మెప్పులు మౌనంగా ఉండిపోయాయి.

ఈలోగా రాసే ఉద్యోగాలు కరిగిపోతున్నాయి. 2024 జనవరిలో ‘పిచ్‌ఫోర్క్’ను యజమాని కొండే నాస్ట్ సంస్థ పురుషుల ఫ్యాషన్ పత్రిక ‘జీక్యూ’ కిందకు చేర్చి, పలువురిని ఇంటికి పంపింది. 2025 జులైలో ‘న్యూయార్క్ టైమ్స్’ 1988 నుంచి ముఖ్య పాప్ విమర్శకుడిగా ఉన్న జాన్ పరేలిస్‌ను ఆ బాధ్యత నుంచి మార్చింది. ఇప్పుడు ఎక్కువమంది వినే సమీక్షకుడు యూట్యూబ్‌లో కెమెరా ముందు కూర్చుని పదికి మార్కులు చెప్పే ఆంథొనీ ఫాంటానో. ఆయన వినికిడి విస్తృతి మెచ్చుకోదగ్గది. అయితే పాత పత్రికలో సమీక్షకుడి వెనక ఒక సంపాదకుడు, ఒక న్యాయవాది, ఒక జీతం ఉండేవి. అభిమానులు విరుచుకుపడితే కాచుకునేవి ఆ మూడే. ఒంటరిగా రాసే కొత్త మనిషి ప్రతికూలమైన మాట రాయాలంటే ముందు తన ఇంటి చిరునామా ఎవరైనా బయటపెడతారేమోనని ఆలోచించాలి. పొగడ్తలు పెరగడానికి సౌందర్య సిద్ధాంతాలకన్నా ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

మన తెలుగు సంగతికి వస్తే, మనకు ఆల్బమ్ అంటే సినిమా ఆడియోనే. ఒకప్పుడు ‘విజయచిత్ర’ సినిమా పత్రికలో వి.ఎ.కె. రంగారావు పాట రికార్డు పుట్టుపూర్వోత్తరాలతో సహా నిర్మొహమాటంగా రాశారు. సంగీతానికీ హాస్యానికీ అంకితమైన ‘హాసం’ పత్రిక ఈ శతాబ్దం తొలి ఏళ్ళలో కొంతకాలం వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలుగా వస్తాయి, ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని వ్యూస్ అన్నదే వార్త. సినిమా సమీక్షలో సంగీతానికి దక్కేది ఒక వాక్యం. ‘నాటు నాటు’కు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చాక ఎంతో రాశాం, ఎక్కువగా బహుమతి గురించీ స్టెప్పుల గురించీ. కీరవాణి ఆ పాటను ఆరు-ఎనిమిది లెక్కలో, అంటే మన జానపదాల్లో కాళ్ళు వాటంతటవే కదిలే తిశ్ర నడకలో ఎందుకు కట్టారు, ఆ నడక మీద చంద్రబోస్ పొట్టి పొట్టి దేశి మాటలు ఎలా దరువులా పడ్డాయి అన్నది కూర్చుని రాయదగ్గ విషయం.

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ విషయంలో ఇంకా పెద్ద ప్రశ్న వచ్చింది. జానపద పల్లవిని తీసుకుని సుద్దాల అశోక్ తేజ చరణాలు రాశారు, మంగ్లీ పాడారు, పాట ఊళ్ళను ఊపేసింది. ఆ జానపదాన్ని తాను సేకరించి వెలుగులోకి తెచ్చానని ఒక గాయని ముందుకు రావడంతో టీవీ చర్చలు నడిచాయి. ఎవరిది ఒప్పు అన్న గొడవలో పాట వెనకబడిపోయింది. మూలగీతంలో నడక ఏమిటి, సినిమా వాద్యగోష్ఠిలోకి వచ్చేసరికి ఏ మలుపులు పోయాయి, ఏవి కొత్తగా వచ్చాయి, సేకరించినవారికి ఎక్కడ ఏ పేరు వేయాలి అన్నవి ఒక సమీక్షకుడు రెండు పాటలనూ పక్కపక్కన పెట్టుకుని వింటే జవాబు దొరికే ప్రశ్నలు. నేడు తెలంగాణ పల్లెల నుంచి యూట్యూబ్‌లోకి వస్తున్న జానపద పాటలకు ఇదే అవసరం మరింత ఉంది. వాటిని సినిమా పాట కొలతతో విని ‘రికార్డింగ్ నాణ్యత లేదు’ అనేవాళ్ళు ఉన్నారు, వ్యూస్ చూసి ఆహా అనేవాళ్ళూ ఉన్నారు. ఏ ప్రాంతపు బాణీ, ఎవరి కులవృత్తి పాట, డప్పు దరువును కీబోర్డు ఎక్కడ మింగేసింది, రాసినవారి పేరు వివరాల్లో ఉందా అని అడిగి, నచ్చకపోతే నచ్చలేదని పేరు పెట్టి రాసే సమీక్ష వారానికొకటి మన దినపత్రికల్లో రావాలి.